చవుడు నేలకు ఇద్దరు సాక్షులు

కాపురానికి వచ్చిన మూడో రోజు పొద్దున్నే మా అత్త ఎవరినో తిడుతుంటే మెలకువ వచ్చింది. నన్నేనేమో అనుకున్నాను. తలుపు వారగా తీసి చూస్తే, ఆమె పెరట్లో పేడదిబ్బ పక్కన నిలబడి, తూర్పు దిక్కుకు చెయ్యి చాచి, ఒక పొలాన్ని తిడుతోంది. అచ్చం మనిషిని తిట్టినట్టే. నీ మొహాన ఉప్పు పొయ్యా అన్నది. కాసేపాగి, నీ మొహాన ఉండేదే ఉప్పు, ఇంక నేను పోసేదేముంది అని తనకు తానే చెప్పుకుని, చెంబు తీసుకుని లోపలికి వచ్చి నాకు కాఫీ కలిపి ఇచ్చింది.

ఆ పొలం ఒక ఎకరం. పెళ్లిలో పసుపుకుంకాల కింద ఆమె తండ్రి ఆమెకు ఇచ్చింది. ఇచ్చింది తండ్రే అయినా ఏ ఎకరం ఇవ్వాలో చూపించింది మాత్రం అన్న. అప్పటికే ఆ ముసలాయనకు చూపు మందగించిందట. కొడుకు చెయ్యి పట్టుకుని నడిపించి నిలబెట్టిన గట్టు మీద నిలబడి, ఇదే నా బిడ్డకు అన్నాడట. కొడుకు నిలబెట్టింది ఉప్పుకాలవను ఆనుకుని ఉన్న ఎకరం గట్టు మీద. పోటు వచ్చినప్పుడల్లా సముద్రపు నీళ్లు ఆ కాలవలోకి ఎగదన్నేవి. వానలు వెనకపట్టి గాలి పొడిబారితే చాలు, నేల మీద తెల్లగా పొర కట్టేది. గట్టుకు అవతల అన్న పొలంలో మొలగొలుకుల వరి నడుమెత్తు పెరిగి గాలికి ఊగుతుంటే, ఇవతల మా అత్త ఎకరంలో మేకలు కూడా వాసన చూసి వదిలేసే పిచ్చికూర తప్ప మరొకటి మొలిచేది కాదు.

పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకటే ఊరు. కోట అనే ఊరికీ సముద్రానికీ మధ్యన ఉన్న ఊరు మాది. రెండిళ్లకూ నడుమ నాలుగే ఇళ్లు. తండ్రి పోయినప్పటి నుంచీ, అంటే నేను ఆ ఇంట్లో అడుగు పెట్టేనాటికి పద్దెనిమిదేళ్లుగా, అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు. ఆమె ఆ నేల చవుడంటుంది. ఆయన అది మొదటి రకం నేల అంటాడు, చేసుకోవడం చేతకాక తన మీద పడి ఏడుస్తోందంటాడు. ఊళ్లో ఎవరింట పెళ్లయినా చావయినా ఆ ఇద్దరూ చెరో మూల కూర్చుని, ఎవరు దొరికితే వాళ్లకు ఆ నేల గుణం గురించి చెప్పేవాళ్లు.

మాటలు లేకపోయినా నీళ్లు మాత్రం ఉన్నాయి. సముద్రం దగ్గరి ఊరు కదా, బావులన్నీ ఉప్పన. తీపినీళ్లు పడింది ఆ అన్న ఇంటి ముందరి బావి ఒక్కటే. ఆయనను నేను మామయ్య అనేదాన్ని. ఊరంతా అక్కడే తోడుకునేది. మా అత్త కూడా రోజూ అదే బావికి పోయి, అరుగు మీద కూర్చున్న అన్న వైపు చూడకుండా బిందె నింపుకుని వచ్చేది. నేల ఉప్పుది ఇచ్చినవాడు నీళ్లన్నా తీపివి పొయ్యకపోతే ఎట్లా అని ఆమె వాదన.

నేను నెల్లూరు టౌనులో పుట్టి పెరిగినదాన్ని. స్కూలు ఫైనలు దాకా చదివాను. ఆ ఊళ్లో సినిమాహాలు లేదు, అంగడివీధి లేదు, మధ్యాహ్నం పూట ఊసుపోక చస్తుండేదాన్ని. పందొమ్మిదేళ్ల పిల్లకు ఊసుపోకపోతే ఏమవుతుందో ముందు ముందు చెబుతాను. ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా చదివిపెట్టడం నా పని. సుంకం రసీదు నుంచి పంచదార పొట్లం దాకా అన్నీ చదివి వినిపించేదాన్ని. మా అత్తకు పొట్లం కాగితాల్లో సగంలో ఆగిపోయే కథలంటే ప్రాణం. తరవాతేమయిందో నువ్వే చెప్పు అనేది. నేను చెప్పేదాన్ని. అబద్ధం చెప్పడం నాకు అట్లా అలవాటు చేసింది ఆమే.

నయాపైసలు వచ్చి ఇంకా లెక్క కుదరని రోజులవి. కోట వైపు నుంచి సముద్రం ఒడ్డు పాళెం దాకా గవర్నమెంటు రోడ్డు వేస్తుందని ఏడాదిగా అనుకుంటున్నారు. కొలతలవాళ్లు వచ్చి గొలుసులు లాగి, రాళ్లు పాతి పోయారు. ఒక రోజు కరణం మా ఇంటికి నోటీసు పట్టుకుని వచ్చాడు. ఇందుమూలముగా తెలియజేయడమేమనగా అని మొదలుపెట్టి ఊపిరి తిప్పుకునే చోటు లేకుండా ఉంది ఆ నోటీసు. చదివి, మా అత్తకు మామూలు మాటల్లో చెప్పాను. నీ ఎకరంలో నలభై సెంట్లు రోడ్డు కింద పోతుంది. మామయ్య నేలలోనూ కొంత పోతుంది. తాసిల్దారు మన ఊరికి వచ్చి ఏ నేల ఎటువంటిదో విచారణ చేసి ధర కడతాడు. చెప్పుకోవలసింది ఆ రోజు ఆయన ముందు చెప్పుకోవాలి.

కరణం ఇంకొక సంగతి చెప్పాడు. కట్టిన ధర మీద నూటికి పదిహేను చొప్పున ఎక్కువ ఇస్తారట. అదెందుకని మా అత్త అడిగింది. ఇష్టం ఉన్నా లేకపోయినా నేల తీసుకుంటారు కదా, ఆ మనసు కష్టానికి అన్నాడు కరణం. మా అత్త "మా అన్న నాకు ఆ నేల అంటగట్టిననాడు నేను పడిన కష్టానికి ఎవురూ ఏమీ ఇయ్యలేదే" అన్నది.

పీడ విరగడయినందుకు ఆమె సంతోషిస్తుందని మేమనుకున్నాం. ఆ సాయంత్రం అన్నం దగ్గర అసలు సంగతి బయటపెట్టింది. తాసిల్దారు ముందు నిలబడి, ఆ నేల చవుడని చెబుతుందట. మా ఆయన నెమ్మదస్తుడు, తల్లి ముందు గట్టిగా మాట్లాడి ఎరగడు. చవుడని చెబితే చవుడు ధరే ఇస్తారమ్మా, మంచి నేలని చెబితే నాలుగు రాళ్లు వస్తాయి గదా అని బతిమాలాడు.

"ధర ఎవురికి కావాల్రా" అన్నది ఆమె. "మా అన్న నాకు ఉప్పు కట్టబెట్టినాడని గవర్నమెంటు కాగితం మీద ఎక్కాల. అది చాలు నాకు."

మా ఆయన నా వైపు చూశాడు. నేను మజ్జిగ వడ్డిస్తున్నాను. తల్లికీ మేనమామకూ మధ్యన తను చెయ్యి పెట్టనని ఆ రాత్రికే చెప్పేశాడు. అయితే నేను పెట్టవచ్చా అని అడిగాను. ఆయన దుప్పటి కప్పుకున్నాడు. దాన్ని నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను.

మర్నాడు మా అత్త బియ్యంలో రాళ్లు ఏరుతుంటే పక్కన కూర్చుని, బావి దగ్గర ఒక మాట విన్నానత్తా, చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా అన్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి. మామయ్యే తాసిల్దారుతో నీ నేల చవుడని చెప్పబోతున్నాడట, నీకు డబ్బు తక్కువ రావాలని, అన్నాను. ఇది పచ్చి అబద్ధం. పొట్లం కాగితం కథకు తరువాయి చెప్పినంత సులువుగా వచ్చేసింది నోట్లోంచి.

ఆమె ముఖం ఎర్రబడింది. చేట పక్కన పెట్టింది. పద్దెనిమిదేళ్లుగా రోజూ తను అంటున్న మాటే అది. అదే మాట అన్న నోట్లోంచి రాబోతోందని వినేసరికి భరించలేకపోయింది. "మా నాయన ఇచ్చిన నేలను చవుడంటాడా వాడు? ఎంత ధైర్యం వాడికి" అన్నది. ఆ రోజు ఇంక బియ్యం ఏరలేదు. రాత్రి అన్నంలో మా అందరికీ రాళ్లు తగిలాయి.

సగం పని అయింది. రెండో సగానికి మర్నాడు సాయంత్రం బిందె తీసుకుని బావికి పోయాను. మామయ్య అరుగు మీద కూర్చుని ఆకూవక్కా నమలుతున్నాడు. తెల్లపంచె, పైన చలువ చేసిన తుండు. అరవై దాటినా మనిషి నిట్టాడులా నిటారుగా ఉంటాడు. కోడలిని, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. అందుకని చేదబావి అవతలి వైపు ఉన్న ఆయన భార్యతో మాట కలిపాను, ఆయనకు వినపడేటంత గొంతుతో. పెద్దత్తా, ఎల్లుండి మా అత్త తాసిల్దారు దగ్గర ఆ ఎకరం చవుడని రాయిస్తుందంట, డబ్బు పోయినా ఫర్వాలేదు, అన్న పేరు గవర్నమెంటు రికార్డులో ఎక్కాలంటోంది, అని చెప్పాను. అది మొన్నటి దాకా నిజమే. నిన్నటి నుంచి కాదు. నిజం పాతబడినంత మాత్రాన అబద్ధం అవుతుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

అరుగు మీద నమలడం ఆగింది. ఆయన లేచి, ఎర్రటి ఉమ్ము దూరంగా ఊసి, భార్యతో అన్నట్టుగా అన్నాడు.

"అది బంగారం లాంటి నేల. ఎవురన్నా చవుడంటే వాళ్ల నోరే చవుడు."

నేను బిందె చంకనెత్తుకుని, నవ్వు కనపడకుండా కొంగు పళ్ల మధ్య బిగించి ఇంటికి వచ్చాను.

విచారణ రోజు పొద్దున మా అత్త అలవాటు ప్రకారం పేడదిబ్బ పక్కకు వెళ్లింది. తిట్టు వినపడలేదు. ఎంతసేపటికీ వినపడకపోతే నేను బయటికి వెళ్లి చూశాను. ఆమె చెయ్యి చాచినది చాచినట్టే ఉంది. ఎదురుగా పొలం లేదు. గట్టు నుంచి గట్టు దాకా నీళ్లు. పొద్దు ఆ నీళ్లలో పడి మెరుస్తోంది. తెల్లపొర లేదు, పగుళ్లు లేవు, ఎవరైనా కొత్తవాళ్లు చూస్తే ఈ వారంలో నాట్లు వేస్తారేమో అనుకుంటారు. నువ్వు పెట్టించినావా అని నన్నడిగింది. నేను కాదన్నాను. ఆ మాట నిజం, కానీ నాకే నమ్మకంగా అనిపించలేదు. మా ఆయన పోయి చూసి వచ్చాడు. మామయ్య పొలం వైపు గట్టుకు ఒక గండి కొట్టి, మళ్లీ పూడ్చినట్టు పచ్చిమట్టి ఉందన్నాడు. మా అత్త చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.

విచారణ బడి వరండాలో. పిల్లలకు సెలవిచ్చారు, అయినా పిల్లలంతా అక్కడే ఉన్నారు. తాసిల్దారు గుంటూరు వైపు మనిషి, సన్నగా, మెడకు మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు. కోట దాకా జీపులో వచ్చి, అక్కడి నుంచి గుంటల్లో పడుతూ లేస్తూ రెండెడ్ల బండిలో వచ్చాడు. నడుము పట్టుకుని కుర్చీలో కూర్చున్న తీరు చూస్తే, రోడ్డు ఎందుకు కావాలో ఆయనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదనిపించింది. మగవాళ్లు ముందు, ఆడవాళ్లం కిటికీ పక్కన. మామయ్య ముందు వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆయన కాలిగోళ్ల సందుల్లో నల్లటి బురద నాకు స్పష్టంగా కనపడింది. చలువ పంచెకట్టు, గోళ్లలో బురద. పాలేరును కూడా నమ్మకుండా స్వయంగా తనే పార పట్టాడన్నమాట.

మా అత్తను పిలిచారు. వెళ్లి నిలబడింది. ఆ పొలంలో ఏం పండుతుందమ్మా అని తాసిల్దారు మర్యాదగా అడిగాడు.

"అది మా నాయన ఇచ్చిన నేల దొరా. మా నాయన చేత్తో చెడ్డది ఇయ్యడు."

అది సరేనమ్మా, నేల ఎటువంటిదో చెప్పండి అన్నాడాయన. వరండాలో అందరూ ముందుకు వంగారు. రోజూ పొద్దున ఆమె గొంతుతోనే నిద్ర లేచే ఊరు అది. నాకు భయం వేసింది. పద్దెనిమిదేళ్ల అలవాటు, నోరు జారితే ఏం చెయ్యాలి. అప్పుడామె అన్న వైపు చూసింది. ఆయన కూడా చూస్తున్నాడు. "మంచి నేలే" అన్నది, ఎవరికీ వినపడనంత నెమ్మదిగా. గుమాస్తా కలం పట్టుకుని మళ్లీ చెప్పమన్నాడు. ఈసారి బడి అవతలికి వినపడేటట్టు చెప్పింది.

నేను మామయ్య ముఖం చూస్తున్నాను. పోట్లాటకని కర్ర పట్టుకొచ్చిన మనిషికి ఎదుటివాడు తాంబూలం చేతిలో పెడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. పక్క పొలం రైతుగా ఆయనను సాక్ష్యం అడిగారు. ఇంట్లో సిద్ధం చేసుకొచ్చిన ప్రసంగమంతా చెల్లెలిని ఖండించడానికి తయారు చేసింది. దాన్నేం చెయ్యాలో తెలియక, ఆ నేల బంగారమని మాత్రం చెప్పి ఊరుకున్నాడు. తాసిల్దారు తెలివైనవాడు. మీ పొలంతో సమానమేనా అని అడిగాడు. మామయ్య తుండుతో ముఖం తుడుచుకున్నాడు. సమానం కాదంటే పద్దెనిమిదేళ్ల మాట పోతుంది.

"సమానమే" అన్నాడు.

గుమాస్తా రాసుకుని చదివి వినిపించాడు. మామయ్య సంతకం పెట్టాడు, మా అత్త వేలిముద్ర వేసింది. అప్పుడు తాసిల్దారు కరణం లెక్కల పుస్తకం తెరిచి, ఇందులో ఏటా చవుడు బీడు అని రాసి ఉందేమిటని అడిగాడు. కరణం వరండా కప్పు వైపు చూశాడు. అయితే పోయి చూద్దాం పదండి అని లేచాడు తాసిల్దారు.

ఊరంతా వెనకాల నడిచింది. గట్టెక్కాక ఆయన చెప్పులు విడిచి, కిందికి వంగి, నీళ్లలో వేలు ముంచి నాలుక మీద రాసుకున్నాడు. మఫ్లరుతో మూతి తుడుచుకున్నాడు.

"మీరిద్దరూ మంచి నేలంటున్నారు. నా నాలుక ఒక్కటే ఒప్పుకోవటం లేదండీ" అన్నాడు.

మరి ఇంత మంచి నేలలో పైరేదమ్మా అని మా అత్తను అడిగాడు. ఇది మేమెవరమూ ఆలోచించని ప్రశ్న. గట్టుకు ఆ పక్క మామయ్య పైరు పొట్ట మీద ఉంది, ఈ పక్క ఒట్టి నీళ్లు. నా బుర్ర పని చెయ్యలేదు. అప్పుడు మామయ్య రెండడుగులు ముందుకు వచ్చి మా అత్త పక్కన నిలబడ్డాడు.

"ఈ ఏడు నేలకు విశ్రాంతి ఇచ్చింది సార్, మా చెల్లెలు. ఒక్కో ఏడు అట్టా బీడు పెడితే నేలకు బలం."

మా చెల్లెలు. ఆ మాట ఆయన నోట్లోంచి ఎప్పుడు వచ్చిందో ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. ఆ మనిషి అని, నాలుగిళ్ల అవతలావిడ అని, అట్లా అంటూ వచ్చాడు అంతవరకూ. మా అత్త కొంగు నడుముకు దోపుకుంటూ సముద్రం వైపు తిరిగి నిలబడింది. అటువైపు చూడటానికేమీ లేదు. తాసిల్దారు ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చెప్పులు తొడుక్కుని, భోజనం ఎక్కడ అని అడిగాడు.

ఆయన కట్టిన ధర మంచి నేల ధర కంటే తక్కువ, చవుడు ధర కంటే బాగా ఎక్కువ. మామయ్య నేల ధరలో ముప్పావు వంతు. డబ్బు చేతికి రావడానికి ఏడాది దాటింది. రోడ్డు మట్టి పోసి, దిమ్మిస కొట్టి, పాళెం జనం దాని మీద నడవడం మొదలుపెట్టాక ఒక రోజు గూడూరు రమ్మని కబురు వచ్చింది. మా అత్త ఆ డబ్బుతో ఒక బర్రెను కొనింది. మనసు కష్టానికి ఇచ్చిన నూటికి పదిహేను మాత్రం విడిగా మూట కట్టి, ఇది నా కష్టం, దీన్ని ఎవురూ ముట్టుకోవద్దని బియ్యం డబ్బాలో పెట్టింది. ఆ మూట ఆమె చాలా ఏళ్లు ఖర్చు చెయ్యలేదు.

నాకు కావలసింది జరిగింది, ఇంక గొడవ లేదనుకున్నాను. అయితే అన్నాచెల్లెళ్లు ఆ తరవాత కూడా మాట్లాడుకోలేదు. గట్టు మీద అన్నది గట్టు మీదే ఉండిపోయింది. పొద్దుటి తిట్లు మాత్రం ఆగిపోయాయి. నీళ్లు ఎండి తెల్లపొర మళ్లీ తేలినా ఆమె తిట్టలేదు. పేడదిబ్బ దగ్గర ఊరికే నిలబడి ఏదో ఆలోచించేది. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

డబ్బు వచ్చిన నెలకు, విచారణనాడు అన్న చెప్పింది రాసిన కాగితానికి నకలు కావాలన్నది. కరణం చేత రాయించి తెచ్చాను. నాచేత మూడుసార్లు చదివించుకుని, మడిచి బొడ్డులో దోపుకుని, నన్ను వెంట రమ్మని బయలుదేరింది. బిందె లేకుండా ఆ ఇంటి వైపు ఆమె నడవడం నేను చూసింది అదే మొదటిసారి. నేరుగా పోయి అరుగు మీద, అన్నకు ఎదురుగా కూర్చుంది. మామయ్య వక్కలు కత్తిరిస్తున్నవాడల్లా అడకత్తెర కింద పెట్టాడు. పెద్దత్త గుమ్మంలోకి వచ్చింది. నేను స్తంభం పక్కన నిలబడ్డాను.

మా అత్త ఉపోద్ఘాతం ఏమీ లేకుండా సంగతికి వచ్చింది. రోడ్డు నలభై సెంట్లు మింగింది, అరవై సెంట్లు మిగిలింది, అది నీ గట్టును ఆనుకునే ఉంది. నా నేల నీ నేలతో సమానమని సంతకం పెట్టినావు. సమానమైతే నా అరవై నువ్వు తీసుకో, నీ అరవై నాకియ్యి. ఇట్లా చెప్పి, కాగితం తీసి అరుగు మీద పరిచి, గాలికి ఎగరకుండా అడకత్తెర బరువు పెట్టింది.

మామయ్య ఆ కాగితం చూడలేదు. చెల్లెలినే చూశాడు. "ఇన్నేండ్లూ ఎందుకడగలేదు" అన్నాడు.

"అప్పుడు నీ సంతకం లేదు గదన్నా."

ఆయనకు నవ్వు వచ్చినట్టుంది, మీసం కింద దాచుకున్నాడు. అప్పుడే రావలసిన ప్రమాదం వచ్చింది. అంతా నీవల్లే, నువ్వు చవుడని రాయించబోతున్నావని తెలిసే గదా నేను పరిగెత్తి పోయి నీళ్లు పెట్టింది అన్నాడాయన. నేను అనుకున్నమాట నిజమేగాని, నువ్వే చవుడని చెప్పబోతున్నావని తెలిసి మానుకున్నాను అన్నది ఈమె. నేనెందుకంటాను, పద్దెనిమిదేళ్లుగా బంగారమంటున్నవాణ్ణి అన్నాడాయన. నీకెవరు చెప్పారని ఈమె, నీకెవరు చెప్పారని ఆయన. ఇద్దరి తలలూ ఒక్కసారి స్తంభం వైపు తిరిగాయి.

నాకు పారిపోవడానికి దోవ లేదు. గుమ్మంలో పెద్దత్త, ముందర అరుగు, వెనక బావి. ఆ తరవాత నన్ను ఆ ఇద్దరూ కలిసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఒకరు ఆగితే ఒకరు అందుకున్నారు. ఒకరు మరిచిపోయింది ఒకరు గుర్తు చేశారు. టౌను పిల్లను తెచ్చుకోవద్దని నేనప్పుడే అనుకున్నానని ఆయనంటే, నాకొక మాట చెప్పి ఉండకూడదా అని ఈమె, మనకు మాటల్లేవు గదమ్మా అని ఆయన. నేను తలవంచుకుని విన్నాను. మధ్యలో పెద్దత్త వచ్చి నా చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి, తాగు, వాళ్లకింకా చాలాసేపు పడుతుందన్నది.

మామయ్య మాట తప్పలేదు. గూడూరు వెళ్లి అరవై సెంట్లకు అరవై సెంట్లు రిజిస్టరు చేయించాడు. ఇచ్చేటప్పుడు మాత్రం, మంచి నేలల్లో కాస్త మెరకగా, నీళ్లు సరిగా ఎక్కకుండా ఉన్న చోటే చూసి ఇచ్చాడు. అది మా అత్త మొదటి పంట కోశాక గానీ కనిపెట్టలేదు. అయినా పండింది. తన సొంత నేలలో పండిన మొలగొలుకులు మొదటిసారి దంచిన రోజున, ఒక తట్టెడు బియ్యం నా నెత్తిన పెట్టి అన్నగారింటికి పంపింది. బియ్యంలో రాళ్లున్నాయేమో చూసుకోమని చెప్పమ్మా అని కూడా చెప్పి పంపింది. చెప్పాను. ఇప్పుడు నేను ఎవరి మాటైనా ఉన్నది ఉన్నట్టే మోస్తున్నాను.

రెండేళ్లకు ఆ రోడ్డు మీద బస్సు వచ్చింది. పాళెం ఆడవాళ్లు చేపల గంపలతో బస్సు కోసం మామయ్య పుచ్చుకున్న చవుడు ముక్క దగ్గర నిలబడేవాళ్లు. ఎండ బాగా తగిలే చోటు, పచ్చిగడ్డి మొలవని నేల, రోడ్డు పక్కన. చేపలు ఎండబెట్టుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదని వాళ్లకు తోచింది. ఏడాదికింత అని మామయ్యకు బాడుగ కట్టి, వరసలుగా పరవడం మొదలుపెట్టారు. ఆ బాడుగ మా అత్త అరవై సెంట్ల పంట కంటే ఎక్కువని కరణమే లెక్క వేసి చెప్పాడు. చెప్పకుండా ఉండవలసింది.

మా అత్త ఆ సాయంత్రమే పోయి అరుగు మీద కూర్చుంది. మళ్లీ మోసం చేసినావన్నా అన్నది. నేనెక్కడ చేసినాను, అడిగింది నువ్వే గదా అన్నాడాయన. బాడుగలో సగం కావాలంది. ఆ ఎండుచేపల కంపు పగలంతా భరిస్తున్నది నేను, నీకు సగం ఎందుకియ్యాలన్నాడు. దీపాలు పెట్టే వేళ దాకా వాదించుకుని, పెద్దత్త పిలిస్తే ఇద్దరూ లోపలికి పోయి అన్నం తిన్నారు. మర్నాడు సాయంత్రం మళ్లీ పోయింది. ఆ మర్నాడూ పోయింది. బాడుగలో సగం ఆయన ఎప్పుడూ ఇవ్వలేదు. ఎండుచేపలు మాత్రం వారానికొక కట్ట పంపేవాడు, ఉప్పు కాస్త ఎక్కువగా ఉన్నవి చూసి.